పెంపుడు పాము – వారానికి రెండుమార్లు, పావుగంట

బెంగుళూరులో మన తెలుగు కుటుంబాలు స్థిరపడి మూడు తరాలు దాటింది. మొదట వచ్చిన పెద్దల కాలంలో యీ బ్రూక్‌ఫీల్డ్ చుట్టుపక్కల రాగిచేలూ, తోపులూ, కుందలహళ్ళి చెరువూ తప్ప వేరే చెప్పుకోదగినది లేదు. పొద్దుగూకిన తరువాత బయటికి వెళ్ళాలంటే చేతిలో దీపమూ కర్రా వుండవలసిందే. పాము కనబడితే పిల్లలను లోపలికి పిలిచి, తలుపు వేసుకొని, అది తన దారిన పోయేదాకా కూర్చునేవారు. ఆ చేలు పోయి యిప్పుడు పదేసి అంతస్తుల మేడలు లేచాయి. పాము మాత్రం పోలేదు. పోకపోగా, కొందరి యిళ్ళలో నడిహాలులోకే వచ్చి, అద్దాల పెట్టెలో దర్జాగా కాపురం చేస్తున్నది.

"నాగదేవతకు దణ్ణం పెట్టి దూరంగా తప్పుకొనే జాతి మనది, యిదేమి చోద్యం!" అని పెద్దలు బుగ్గలు నొక్కుకోవచ్చు. కుక్కా, పిల్లీ, రంగురంగుల చేపలూ అయిన తరువాత యీ తరం పిల్లల కన్ను పాము మీద పడింది. కూడదని కోప్పడి వూరుకోవడం కన్న, పెంచేవారు దానిని సరిగా పెంచేటట్టు చూడడం మేలని మాకు తోచింది. అందుకే యీ వ్యాసం.

పాము వున్న యింటికి వెళ్ళినవారంతా అడిగేది వొకటే. దానిని చేతిలోకి తీసుకోవచ్చా? తీసుకొంటే వారానికి యెన్నిసార్లు, యెంతసేపు?

మేము పశువైద్యులం కాము. కార్యాలయంలో ఫైళ్ళు చూసుకొనే గుమాస్తాలం. అయితే ఫైలు చూడడం వచ్చినవాడికి వొక అలవాటు వుంటుంది. విషయం ముందు రాసి, కారణాలు తరువాత రాస్తాడు. ఆ పద్ధతిలోనే చెబుతాము. ఆరోగ్యంగా, యింటికి అలవాటుపడిన పెంపుడు పామును వారానికి వొకటి రెండుమార్లు, మారుకు పది పదిహేను నిమిషాలు చేతిలోకి తీసుకోవచ్చు. దానిని తీసుకోకూడని రోజులు కొన్ని వున్నాయి. ఆ రోజుల్లో వొక్క నిమిషం కూడ పనికిరాదు. యింటి బయట కనబడిన పామును యెన్నడూ, యెంతమాత్రమూ ముట్టుకోకూడదు. యీ మూడు మాటలూ కలిస్తేనే లెక్క పూర్తి అవుతుంది.

చట్టం వొప్పే పాము యేది?

లెక్కకు ముందు హక్కు చూసుకోవాలి. నాగుపాము, జెర్రిపోతు, మన అడవుల కొండచిలువ, నీళ్ళపాము, రెండు తలల పాము అని పిలిచే మట్టిపాము – మన దేశపు పాము యేదైనా సరే, యింట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ సవరణ 2023 యేప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నాగుపాము, కొండచిలువ, జెర్రిపోతు వంటివి అందులో మొదటి జాబితాలో వున్నాయి. మొదటి జాబితాలోని ప్రాణి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళ నుంచి యేడేళ్ళ దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జుర్మానా. రెండు తలల పాము యింట్లో వుంటే ధనం కురుస్తుందని చెవిలో వూదేవారు యిప్పటికీ తిరుగుతున్నారు. కురిసేది ధనం కాదు, కేసు.

మరి అద్దాల పెట్టెల్లో వున్నది యేమిటి? సాధారణంగా అది ఆఫ్రికా ఖండపు పశ్చిమ, మధ్య భాగాల నుంచి వచ్చిన బాల్ పైథాన్. మూడు నుంచి అయిదు అడుగుల చిన్న కొండచిలువ. విషం లేదు. భయం వేస్తే తల మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది గనుక ఆ పేరు. విదేశీ ప్రాణులను పెంచుకొనేవారు వాటి వివరాలను ప్రభుత్వానికి నమోదు చేయాలని 2024 ఫిబ్రవరి 28న కేంద్రం నియమాలు ప్రకటించింది. దరఖాస్తు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి వెళుతుంది. పాము చేతులు మారినా, గుడ్లు పెట్టి పిల్లలను చేసినా, చనిపోయినా ఆ లెక్క కూడ తెలపాలి. కాగితం లేని పామును చౌకగా వస్తున్నదని కొనకండి. 2023 సెప్టెంబరులో మన కెంపేగౌడ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు దొరికాయి. వాటితోపాటు పెట్టెల్లో కుక్కిన ఆరు కోతులు అప్పటికే చచ్చివున్నాయి. 2024 యేప్రిల్‌లో అదే విమానాశ్రయంలో పది పసుపుపచ్చ అనకొండలు పట్టుబడ్డాయి. చౌక సరుకు వెనుక నడిచే ప్రయాణం అటువంటిది.

పాముకు మన చెయ్యి యెటువంటిది?

కుక్క మన చేతికోసం యెదురు చూస్తుంది. నిమిరితే తోక ఆడిస్తుంది. పాము అటువంటి ప్రాణి కాదు. అది గుంపులో బతికేది కాదు. తల్లి గుడ్లను చుట్టుకొని పొదుగుతుందే గాని, పిల్లలు బయటికి వచ్చిన తరువాత యెవరి దారి వారిదే. సొంత ప్రదేశంలో బాల్ పైథాన్ యెలుక కలుగుల్లోనూ, చెదపుట్టల్లోనూ పగలంతా దాగి, రాత్రి బయటికి వస్తుంది. దానిని పైనుంచి వచ్చి పట్టుకొనేది గద్ద వంటి శత్రువే. కనుక మన చెయ్యి పైనుంచి దిగితే దాని వొంటికి తెలిసిన అర్థం వొక్కటే – ప్రాణం మీదికి వచ్చిందని.

అలవాటు చేస్తే యీ భయం తగ్గుతుంది. "యీ చెయ్యి నన్ను తినదు, కాసేపటికి వదిలేస్తుంది" అన్నంతవరకు పాము నేర్చుకొంటుంది. దానినే మనం మచ్చిక అంటాము. అది ప్రేమ కాదు, ఓర్పు. అందుకే చేతిలోకి తీసుకోవడం దాని సుఖానికి కాదు. మన అవసరానికి. అవసరం లేకపోలేదు. పెట్టె శుభ్రం చేయాలి, బరువు తూచాలి, నోటిలో పుండు వున్నదేమో, పొలుసుల కింద పురుగు పట్టిందేమో చూడాలి, జబ్బు చేస్తే వైద్యుని దగ్గరికి తీసుకొనిపోవాలి. మనిషి చేతికి బొత్తిగా అలవాటు లేని పాముకు ఆ రోజున ప్రాణసంకటం. కాబట్టి అసలు ముట్టుకోకుండా వుండడమూ మంచిది కాదు. రోజూ వాడుకోవడమూ మంచిది కాదు. వారానికి వొకటి రెండుమార్లు అన్నది యీ రెండింటికీ మధ్య కుదిరిన లెక్క.

పావుగంటే యెందుకంటే, వేడి కోసం. మన వొంటి వేడి మనలోనే పుడుతుంది. పాముకు బయటినుంచి రావాలి. అద్దాల పెట్టెలో వొక మూల 31, 32 డిగ్రీల వెచ్చదనం, రెండో మూల 25, 26 డిగ్రీల చల్లదనం వుంచితే, అది అటూ యిటూ జరిగి తనకు కావలసినంత వేడి తానే తీసుకొంటుంది. బెంగుళూరు వాతావరణం మనకు స్వర్గం. పుష్యమాసపు రాత్రి 15 డిగ్రీలకు దిగే గది దానికి మాత్రం స్వర్గం కాదు. వెచ్చని మూల విడిచి మన వరండాలో అరగంట, గంట తిరిగితే దాని వొళ్ళు చల్లబడుతుంది. అరుగుదల మందగిస్తుంది, వూపిరితిత్తులకు జబ్బు తగలడానికి దారి యేర్పడుతుంది. చలి రోజుల్లో పావుగంటను కూడ పది నిమిషాలు చేయడం మంచిది.

తీసుకోకూడని రోజులు

కొత్తగా వచ్చిన పాము: అల్లుడు వచ్చినట్టు చుట్టాలందరినీ పిలిచి చూపించకండి. మొదటి రెండు వారాలూ నీళ్ళు మార్చడం, పెట్టె శుభ్రం చేయడం తప్ప చెయ్యి పెట్టవద్దు. వరసగా రెండు మూడు మార్లు చక్కగా ఆహారం తీసుకొన్న తరువాతనే మొదటిసారి అయిదు నిమిషాలు. ఆ తరువాత మెల్లగా పెంచవచ్చు.

తిన్న తరువాత: కనీసం రెండు రోజులు, పెద్ద యెలుకను మింగితే మూడు రోజులు ముట్టుకోకూడదు. కొండచిలువ భోజనం మన భోజనం వంటిది కాదు. పేగులూ కాలేయమూ పెరిగి పనికి దిగుతాయి. బర్మా కొండచిలువకు తిన్న రెండు రోజుల్లో గుండె సుమారు నూటికి నలభై వంతులు పెద్దదవుతుందని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ స్థితిలో యెత్తి అటూ యిటూ తిప్పితే మింగినది కక్కివేస్తుంది. కక్కిన పాముకు ఆమ్లంతో గొంతు పుండవుతుంది. తిరిగి కుదుటపడడానికి పది పదిహేను రోజులు పడుతుంది.

కుబుసం విడిచే ముందు: వొళ్ళు మసకబారి, కళ్ళు పాలనీలంగా కనబడితే కొత్త చర్మం తయారవుతున్నదని గుర్తు. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, అందువల్ల బెదురు యెక్కువ. చర్మమూ సుకుమారంగా వుంటుంది. కళ్ళు తేటపడి, కుబుసం పూర్తిగా విడిచేదాకా వారమో, రెండు వారాలో వదిలివేయాలి. కుబుసాన్ని మనం లాగి సాయం చేయబోతే కొత్త చర్మం లేచిపోతుంది.

తిండి మానినప్పుడు: బాల్ పైథాన్ నెలల తరబడి వుపవాసం చేయగలదు. అందులో భయపడవలసినదే లేకపోవచ్చు. అయితే తిండి మానిన పాముకు మన చెయ్యి మరో భారం. తిరిగి తినేదాకా బరువు చూడడానికి తప్ప యెత్తవద్దు. నోరు తెరిచి వూపిరి తీయడం, ముక్కు వద్ద నురుగు, బరువు తగ్గిపోవడం కనబడితే సరీసృపాలను చూసే వైద్యుని దగ్గరికే.

మా మేడలోనే వొక తెలుగువారి యింట్లో జరిగినది చెబుతాము. కాగితాలన్నీ సక్రమంగా వున్న పాము. శనివారం రాత్రి ఆహారం, ఆదివారం వుదయం పిల్లల దర్బారు. మేడలోని పిల్లలంతా వరసలో నిలబడి వొకరి చేతినుంచి వొకరు అందుకొనేవారు. రెండు గంటలు గడిచేవి. మూడో నెలలో అది మింగినది కక్కింది. ఆ తరువాత తిండే మానింది. వైద్యుడు మందేమీ రాయలేదు. ఆదివారం దర్బారు ఆపమన్నాడు. దాక్కోవడానికి వెచ్చని మూల వొక డొప్ప, చల్లని మూల వొక డొప్ప పెట్టమన్నాడు. నాలుగు వారాలు యెవరూ ముట్టుకోలేదు. అయిదో వారంలో తిన్నది. యిప్పుడు ఆదివారం రాత్రి ఆహారం, గురువారమో శనివారమో పది నిమిషాలు, అదీ యింటివారి చేతుల్లోనే. పిల్లలకు అద్దం బయటనుంచి దర్శనం.

చేతిలోకి తీసుకొనే పద్ధతి

ముందు చేతులు కడుక్కోవాలి. తరువాత కూడ కడుక్కోవాలి. రెండింటికీ కారణాలు వేరు. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసికట్టే చిన్న గుంటలు వుంటాయి. యెలుక వాసన తగిలిన వెచ్చని చెయ్యి దానికి యెలుకగానే తోస్తుంది. తరువాత కడుక్కోవడం మనకోసం. ఆరోగ్యంగా కనబడే పాము వొంటి మీద కూడ సాల్మొనెల్లా అనే క్రిములు వుండవచ్చు. అవి కడుపులోకి వెళితే విరేచనాలు, జ్వరం. అయిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, అరవైఅయిదు దాటిన పెద్దలు, జబ్బుపడి నీరసంగా వున్నవారు ముట్టుకోకుండా వుండడమే మంచిది. పాము నీళ్ళ గిన్నె వంటింటి తొట్టిలో కడగకూడదు. పాముకు ముద్దులు అసలే వద్దు.

పెట్టె తెరిచి వెంటనే చెయ్యి పెట్టకండి. చుట్టిన కాగితంతో వొంటి మీద మెల్లగా తాకితే, వచ్చినది ఆహారం కాదని దానికి తెలుస్తుంది. అప్పుడు ప్రక్కనుంచి, నడుము కింద వొక చెయ్యి, తోక వైపు వొక చెయ్యి వేసి యెత్తాలి. తల పట్టుకోకూడదు, తోక పట్టి వేలాడదీయకూడదు. బిగించి పట్టకుండా, చేతినుంచి చేతికి అదే జరుగుతూ పోయేటట్టు వుంచాలి. మెడ చుట్టూ వేసుకొని ఫోటో దిగడం శివునికి చెల్లింది, మనకు కాదు. నేల మీద చాప వేసుకొని కూర్చుంటే, జారినా యెత్తునుంచి పడే ప్రమాదం లేదు. ఆ సమయానికి గదిలో కుక్క, పిల్లి, టెలివిజన్ మోత వుండకూడదు.

గడియారం పావుగంట చెప్పినా, పాము అయిదు నిమిషాలకే చాలునని చెప్పవచ్చు. మెడను వంకీలా వెనక్కి లాగినా, బుస పెట్టినా, బంతిలా చుట్టుకొన్నా, ఆదుర్దాగా పారిపోవాలని చూసినా, దుర్వాసనగల ద్రవం వదిలినా దాని మాట వినాలి. మెల్లగా పెట్టెలోకి దింపి మూత వేయాలి. నాలుక తీరికగా ఆడిస్తూ, వొళ్ళు వదులుగా వుంచి, మెల్లగా జరుగుతున్నదంటే సమ్మతంగానే వున్నదని అనుకోవచ్చు.

దీనికంతటికీ వొక నోటుబుక్కు చాలు. తేదీ, ఆహారం, కుబుసం, బరువు, చేతిలో వుంచిన నిమిషాలు – అయిదు గళ్ళు. "నిన్న నాన్న తీశాడు, మొన్న అన్నయ్య తీశాడు" అని యెవరి లెక్క వారు చెప్పుకొంటే, పాముకు మాత్రం రోజూ అయినట్టే. పుస్తకంలో రాసి వుంటే వాదులాట వుండదు. వైద్యుని దగ్గరికి వెళ్ళినప్పుడు కూడ ఆ పుస్తకమే మొదట పనికివస్తుంది.

బయటి పాముకు సున్నా

యింతవరకు చెప్పినది పాము మేలు కోసం. యిప్పుడు చెప్పేది మన పిల్లల ప్రాణం కోసం.

పోయిన యేడు మొదటి వానలు పడ్డ రోజుల్లో వొక సాయంకాలం మా మేనల్లుడు, యేడేళ్ళవాడు, మేడ వెనుక గోడ దగ్గర వంగి చెయ్యి చాచాడు. పూలకుండీ నీడన జానెడు పాము. గోధుమరంగు వొళ్ళు, దాని మీద ముదురు మచ్చలు. "మామయ్యా! కొండచిలువ పిల్ల!" అని సంతోషంతో కేక. కాపలాదారు పరుగున వచ్చి "ముట్టబేడ!" అని అరిచి, వాడి రెక్క పట్టి వెనక్కి లాగాడు. అది కొండచిలువ కాదు. కన్నడిగులు కొళకుమండల అంటారు. మనం రక్తపింజరి అంటాము.

ఆ పిల్లవాడు అల్లరివాడు కాదు, మొండివాడూ కాదు. ఆదివారం దర్బారులో చాలామార్లు నిలబడినవాడు. మచ్చల పామును చేతిలోకి తీసుకోవచ్చునని వాడి చెయ్యి నేర్చుకొన్నది. నేర్చుకొన్నట్టే చేసింది. యిందులోనే అసలు ప్రమాదం వున్నది. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. వొక్కో కాన్పుకు యిరవై, ముప్ఫై, వొక్కొక్కప్పుడు అంతకు మించి. వేసవి చివర, తొలకరి రోజుల్లో ఆ పిల్లలు బయటపడతాయి. పుట్టిన నాటినుంచే కోరా, విషమూ వుంటాయి. చెరువు గట్టు, ఖాళీ స్థలంలో పొద, చెత్తకు చేరే యెలుకలు – మూడూ వున్న మన బ్రూక్‌ఫీల్డ్‌లో వాటికి కావలసినదంతా వున్నది.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవారు సుమారు 12 లక్షలని, అంటే సగటున యేటా 58,000 మందని 2020లో ప్రకటించిన వొక పరిశీలనలో తేలింది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానల నెలల్లోనే. యెక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలూ వున్నాయి. కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పాముకాటును తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది.

కనుక పాము వున్న యింట్లో పిల్లలకు మొదటి పాఠం యిదిగా వుండాలి: పెద్దవారు పెట్టెలోంచి తీసి యిస్తే తప్ప యే పామునూ ముట్టుకోకూడదు. యిది విషపుది, యిది కాదు అని తేడాలు నేర్పడం తరువాత చూసుకోవచ్చు. కొండచిలువకూ రక్తపింజరికీ తేడా పగటి వెలుగులో పెద్దలకే పొరపడేటట్టు వుంటుంది. వొకే మాట నేర్పితే పిల్లవాడు మరచిపోడు. పెంపుడు పామును కూడ వాడంతట వాడు తీసుకోరాదు. పెట్టెకు తాళం, తాళంచెవి పెద్దల దగ్గర.

మేడ ఆవరణలో పాము కనబడితే నాలుగు గజాల దూరంలో నిలబడి, అది యెటు పోతున్నదో కన్ను వేసి వుంచి, పిల్లలనూ కుక్కలనూ తప్పించి, అటవీశాఖవారి 1926 నంబరుకు ఫోన్ చేయాలి. కర్ర పట్టుకొన్నవారికే కాటు పడే అవకాశం యెక్కువ. ఖర్మం చాలక యెవరికైనా కాటు పడితే, కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు పోయవద్దు. వుంగరాలూ, గాజులూ, గడియారమూ తీసివేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, ధైర్యం చెప్పి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు వున్న పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి – యీ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మన దేశంలో వొకటే మందు. పాము యేదో తెలియలేదని వెతుకుతూ ఆలస్యం చేయవలసిన పని లేదు.

బాగా తెలిసినవారి చెయ్యి

పాముల బుట్ట భుజాన వేసుకొని నాగస్వరం వూదే పాములవాడిని మన తరంవారు చూసే వుంటారు. రోజుకు పది వీధులు, పది ఆటలు. ఆ బుట్టలోని నాగుపాముకు కోరలు పీకి, కొన్నిసార్లు నోరు కుట్టి, దాహంతో మాడ్చి, పండుగనాడు పాలు తాగించేవారు. పాలు పాముకు ఆహారం కాదు. దాహానికి తాగుతుంది, తాగి జబ్బుపడుతుంది. అటువంటి పాములు చాలావరకు యెక్కువ కాలం బతికేవి కావు. రోజంతా చేతిలో వుంచడం యెక్కడికి పోతుందో చూపే వుదాహరణ అది.

దీనికి యెదురు వుదాహరణ మద్రాసు దగ్గర వున్నది. తరతరాలుగా పాములు పట్టే యిరుల గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకొన్నారు. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర ఆ సంఘం పాముల నుంచి విషం తీసి, విరుగుడు మందు తయారుచేసే సంస్థలకు యిస్తుంది. పట్టిన పామును మట్టికుండలో వుంచుతారు. సుమారు వారానికి వొకసారి చొప్పున నాలుగుమార్లు విషం తీసి, మూడు నాలుగు వారాల్లో తిరిగి అడవిలో వదిలివేస్తారు. మళ్ళీ అదే పామును పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తు పెడతారు. ఆ కులానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడైయన్ గారలకు 2023లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. పాముతోనే బతికేవారు, పామును దేశంలో అందరికన్న బాగా యెరిగినవారు, దానిని వారానికి వొక్కసారి, పని వున్నంతసేపే ముట్టుకొంటున్నారు. బాగా తెలిసినవారి చెయ్యే తక్కువగా పడుతున్నది.

మన ఆచారంలోనూ యీ మర్యాద వున్నదని మరచిపోరాదు. కన్నడిగుల నాగరపంచమి శ్రావణంలో, మన నాగులచవితి దీపావళి తరువాత కార్తిక శుద్ధ చవితినాడు. రెండూ చేసుకొనే భాగ్యం బెంగుళూరు తెలుగువారిది. ఆ రోజు మన ఆడవారు పుట్ట దగ్గరికి వెళ్ళి చిమ్మిలి, చలిమిడి పెట్టి, దణ్ణం పెట్టుకొని వెనక్కి వస్తారు. పుట్టలోని పామును బయటికి పిలిచి వొడిలో కూర్చోబెట్టుకొమ్మని యే పెద్దా చెప్పలేదు. భక్తి వున్నది, దూరమూ వున్నది.

కొనే ముందు

బాల్ పైథాన్ యిరవై ముప్ఫై యేళ్ళు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయీ జంతుప్రదర్శనశాలలో 62 యేళ్ళు దాటినదని లెక్కకట్టిన ఆడపాము 2020లో గుడ్లు పెట్టింది. పదేళ్ళ కుర్రవాడు ముచ్చటపడి అడిగిన పాము, వాడు చదువుకొని, వుద్యోగానికి పరాయి దేశం వెళ్ళి, పెళ్ళిచేసుకొన్న తరువాత కూడ మన హాలులోనే వుంటుంది. విసుగెత్తి చెరువు గట్టున వదిలివేయడానికి వీలులేదు. అది మన నేల పాము కాదు, వదలడం నేరం కూడాను. అప్పటికి దానికి యెలుకను పెట్టేదీ, దీపం చూసేదీ మనమే. యిది వొప్పుకోగలిగినవారే తెచ్చుకోవాలి.

తెచ్చుకొన్నవారికి వొక్క సలహా. చేతిలోకి తీసుకోవడానికి వారానికి రెండుమార్లు, పావుగంట అనే హద్దు వున్నది గాని, చూడడానికి హద్దు లేదు. రాత్రి దీపాలు తగ్గించి అద్దం ముందు కూర్చోండి. డొప్పలోంచి తల బయటపెట్టి, నాలుకతో గాలి రుచి చూసి, చుట్టు వెంట చుట్టు విప్పుకొంటూ అది బయటికి వస్తుంది. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చూపించండి. చెయ్యి పెట్టకుండా యిష్టపడడం వాళ్ళకు అక్కడే అలవడుతుంది.